అడుగు లేని డబ్బా

అధ్యక్ష స్థానంలో కూర్చుని, ఇవాళ రిటైరవుతున్న ఈ ఇస్మాయిల్ ఎంతసేపు మాట్లాడతాడో అన్న భయంతో గోడ గడియారం వైపు అప్పుడే ఒకసారి చూసిన మా బీడీవో సూర్యప్రకాశ్ గారికి, హైదరాబాదు నుంచి బండరాళ్ళ లారీల వెనకాల దుమ్ము మింగుతూ జీపులో ఇంత దూరం వచ్చిన ముఖ్య అతిథి, జిల్లాలో పొగలేని పొయ్యిల పథకం చూసే అధికారి విశ్వేశ్వర్ గారికి, నన్ను ఇన్నేళ్ళు భరించిన పంచాయతీ సమితి మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న తాండూరు పెద్దలకు, వెనక వరుసలో కూర్చుని ముందు వరుస కంటే ఎక్కువ చప్పుడు చేస్తున్న మోదుగుపల్లి ఆడవాళ్ళకు, అందరికీ నమస్కారం, ఆదాబ్. కిటికీ పక్కన కూర్చున్న మా ఆవిడ జుబేదాకు వేరే ఆదాబ్. నేను ఉద్యోగంలో చేరాక ఆమె నా ఆఫీసు చూడటానికి రావడం ఇదే మొదలు. లోపలికి వచ్చి, నా కుర్చీ, నా బల్ల, బల్ల కాలి కింద పెట్టిన రాయి చూసి, "ఇంతేనా?" అంది. ఇంతే బేగం. ఇది కూడా సాయంత్రం ఐదు వరకే. (నవ్వులు)

ఆ ఐదు గంటల సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇవాళ నా తొందరంతా దాని గురించే. ఐదు వరకు నేను సర్కారు నౌకరును, నా మాటకు ఏదో కాస్త విలువ ఉంటుంది. ఐదు దాటితే నేను శాలువా కప్పుకున్న ముసలివాణ్ణి, మెచ్చుకుని పక్కన కూర్చోబెడతారు. మోదుగుపల్లిలో మేము కట్టించిన పొయ్యిలన్నిటినీ ఎల్లుండి సోమవారం పగలగొట్టమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇవాళ శనివారం. ఆ పొయ్యిలు బతకాలంటే మాట్లాడవలసింది ఇప్పుడే, ఇక్కడే, ఆర్డరు ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఆయన పక్కన నిలబడే. విశ్వేశ్వర్ గారూ, కంగారు పడకండి, నీళ్ళు తాగండి. పెళ్ళిపందిట్లో అప్పులవాడిలా పట్టుకున్నాడు అనుకోకండి. మధ్యాహ్నం భోజనంలో జొన్నరొట్టె, కందిపప్పు బాగున్నాయన్నారు కదా, ఆ సంగతికి తర్వాత వస్తాను. (నవ్వులు)

నేను అరవై తొమ్మిదిలో వికారాబాదు సమితికి బదిలీ అయ్యాను. ఆ ఏడు తెలంగాణ ఉద్యమంలో బస్సులు బంద్. తాండూరు నుంచి గూడ్సు బండిలో నాపరాళ్ళ పక్కన కూర్చుని వెళ్ళి డ్యూటీలో చేరితే, మా అప్పటి ఆఫీసరు నా బట్టల మీది తెల్లదుమ్ము చూసి, మేస్త్రిననుకుని, గోడ ఎక్కడ పగిలిందో చూపించాడు. నా పోస్టు పేరు ప్రోగ్రెస్ అసిస్టెంటు. మా గ్రామసేవిక సావిత్రమ్మ గారు దాన్ని ప్రగతి సహాయకుడు అని తెలుగు చేశారు. ప్రగతికి నేను చేసిన సహాయం ఏమిటంటే, అది నడవలేకపోయినప్పుడల్లా చెయ్యి పట్టుకుని కాగితం మీద ఇటు నుంచి అటు దాటించడం.

ఆ రోజుల్లో మా కొలత ఒక్కటే, ఎన్ని? ఎన్ని గుంటలు తవ్వారు, ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని సభలు పెట్టారు. ఒక ఊళ్ళో, పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళు ఇద్దరు ఇక్కడే కూర్చుని పైకప్పు చూస్తున్నారు, (నవ్వులు) ఒకే ఎరువు గుంటను ఏటా కొత్తగా తవ్వినట్టు రాసి పంపేవాళ్ళు. ఆ లెక్కన ఆ గుంట ఈపాటికి పాతాళానికి చేరి ఉండాలి. వెళ్ళి చూస్తే మోకాలు లోతు కూడా లేదు, మేక ఒకటి దాంట్లో పడుకుని నెమరు వేస్తోంది. ఇక ఎరువు వేసిన చేను పండిందా, పండితే ఇంటికి గింజలు వచ్చాయా అన్నది అడిగే కాగితమే లేదు. అడగని కాగితానికి జవాబు రాయడం మన పద్ధతి కాదు కదా.

అలాంటి నన్ను రెండేళ్ళ కిందట హైదరాబాదులో శిక్షణకు పంపించారు. సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి నల్లబల్ల మీద వరుసగా అయిదు చతురస్రాలు గీసి, వాటి మధ్య బాణాలు పెట్టి, ఇది లాజిక్ మోడల్, సర్కారు పనిని కొలిచే కొత్త సాధనం అన్నాడు. మొదటి దాంట్లో మనం పెట్టేది, అంటే సిమెంటు, గొట్టాలు, మేస్త్రి. రెండో దాంట్లో మనం చేసే పని. మూడో దాంట్లో పని వల్ల తయారైన వస్తువు, అంటే ఎన్ని పొయ్యిలు లేచాయి. నాలుగో దాంట్లో ఆ వస్తువు వల్ల జనం బతుకులో వచ్చిన మార్పు. అయిదో దాంట్లో మనం వెళ్ళిపోయిన తర్వాత కూడా మిగిలేది. బాణాన్ని 'అయితే' అని చదవాలట. సిమెంటు ఇస్తే పొయ్యి లేస్తుంది, పొయ్యి లేస్తే పొగ పోతుంది, పొగ పోతే కళ్ళు బాగుపడతాయి. నా పక్కన కూర్చున్న ఒక ముసలి గుమాస్తా, "అత్తకు మీసాలుంటే మామ అవుతుంది" అని గొణిగాడు. (నవ్వులు) నవ్వాను కానీ, నాకు మాత్రం ఆ నాలుగో చతురస్రం నచ్చింది. అన్నేళ్ళ ఉద్యోగంలో, "అయితే జనానికి ఏమైంది?" అని నన్ను మొదటిసారి అడిగిన కాగితం అది.

ఇక్కడే మాటతో చిక్కు వచ్చింది. ఆ పెద్దమనిషి కోస్తావారు. చతురస్రాన్ని ఆయన 'గడి' అన్నారు. "అయిదు గడులు నింపాలి, గడి ఖాళీగా ఉంచకూడదు" అని ఆయన అంటుంటే నా గుండె జారిపోయింది. మా వైపు గడి అంటే ఏమిటో ఇక్కడున్న పెద్దలకు చెప్పనక్కర లేదు. గడి అంటే దొర ఉండే కోట. మా జనం తాతల కాలం నుంచి గడి నింపుతూనే వచ్చారు, గింజలతో, వెట్టితో, కన్నీళ్ళతో. ఇప్పుడు సమితి నుంచి ఇస్మాయిల్ వచ్చి అయిదు గడులు నింపాలి అంటే ఊరు ఊరంతా రాత్రికి రాత్రే కర్ణాటకలో తేలదా? అందుకని నేను ఆలోచించి, ఉర్దూ మీడియంలో చదివిన బుర్ర కదా, బాక్సు అంటే డబ్బా అని తేల్చి, గడి కొట్టేసి డబ్బా అని రాసుకున్నాను. అయిదు డబ్బాలు. సులువైన మాట, అందరికీ తెలిసిన మాట. అంత తెలిసిన మాట కావడమే కొంప ముంచింది.

పెద్దేముల్ అవతల మోదుగుపల్లిలో పొయ్యిల పథకం మొదలుపెట్టాలి. ఊళ్ళో డప్పు కొట్టి చాటే చెన్నయ్యను పిలిచి, రేపు బడి దగ్గర సభ, అయిదు డబ్బాల గురించి చెప్తాను, అందరం కలిసి నింపుదాం అని వివరంగా చెప్పాను. చెన్నయ్యా, లేచి నిలబడు, అందరూ నిన్ను చూడాలి. (నవ్వులు) ఈయన అంతా శ్రద్ధగా విని, తల ఊపి, వీధిలోకి వెళ్ళి ఏమని చాటాడయ్యా అంటే:

"ఇనుండ్రి, ఇనుండ్రి! రేపు పొద్దుగాల బడి కాడికి సమితి సారొస్తున్నడు! ఇంటికి అయిదు డబ్బలు నింపుతడట! ఆడోళ్ళందరు జల్ది రావాలె!"

తెల్లవారి నేను అయిదు డబ్బాలు గీసిన పటం చుట్టి చంకలో పెట్టుకుని బస్సు దిగేసరికి, బడి ముందు నా జీవితంలో ఎన్నడూ చూడనంత జనం. ఏ గ్రామసభకూ పదిమంది మించి రాని ఊరు. ప్రతి మనిషి చేతిలో డబ్బాలు. నూనె డబ్బాలు, పాల డబ్బాలు, మూతలున్నవి, లేనివి, ఒకావిడ ఏదీ దొరక్క చెంబు తెచ్చుకుంది. అందరికంటే ముందు హన్మమ్మ, అదిగో ఆ ఎర్రచీర, తన రెండు డబ్బాలకు ఇరుగు పొరుగు దగ్గర మూడు బదులు తెచ్చి, అయిదూ తోమి, ఎండబెట్టి, వరుసగా పేర్చుకుని కూర్చుంది.

"సారూ, గీ పెద్దదాంట్ల మంచినూనె పొయ్యి," అంది. "చిన్నవాట్ల ఏం పోస్తవో గది నీ ఇష్టం."

నేను పటం విప్పి చూపించాను. "అమ్మా, డబ్బాలంటే ఇవి."

ఆమె దగ్గరికి వచ్చి, పటం ముందూ వెనకా చూసింది. "గీ కాయితం మీదియా? గిండ్ల నూనె ఆగుతదా సారూ?"

(నవ్వులు, చప్పట్లు) ఇప్పుడు నవ్వుతున్నారు. ఆ రోజు నాకు పారిపోవడానికి బస్సు కూడా లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా ఒక ఇటుక పడకముందే నాలుగో డబ్బా, అయిదో డబ్బా అని నేను మాట్లాడుతుంటే, కింద నిజం డబ్బాలు నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. మెల్లగా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. హన్మమ్మ మాత్రం కదల్లేదు. "సర్కారు మాట ఇచ్చినంక నింపాలె. నింపేదాంక నేను డబ్బలు ఇంటికి తీస్కవోను, గీ బడి అరుగు మీదనే ఉంటయి," అని అయిదు డబ్బాలూ అక్కడే వదిలి వెళ్ళింది. బదులు తెచ్చినవి కూడా. ఆ మూడు ఇళ్ళవాళ్ళతో నాకు ఇప్పటికీ మాటలు లేవు.

అప్పటి నుంచి నేను డబ్బాల సారును. మా ఇంటికి ఒకాయన పని మీద వచ్చి, "డబ్బల సారు ఇల్లు ఇదేనా?" అని అడిగితే జుబేదా తలుపు సందులోంచి, "యహాఁ డబ్బేవాలా కోయి నై రహతా," ఇక్కడ డబ్బాలవాడు ఎవడూ ఉండడు అని తలుపు వేసేసింది. ఆయన నిజంగానే వెళ్ళిపోయాడు. ఇవాళ ఈ సభలో ఉన్నాడో లేదో, ఉంటే మాఫ్ చేయండి భాయ్.

ఇక పొయ్యిల మాటకు వస్తాను. పైనుంచి వచ్చిన పొయ్యికి ఒక నమూనా ఉంది. పొయ్యి నోటి కొలతకు ఇనుపరేకుతో చేసిన సాంచా, అంటే అచ్చు, ఒకటి ఇస్తారు. దాని చుట్టూ మట్టి, సిమెంటు వేసి కట్టి, సాంచా పైకి లాగేస్తే గుండ్రటి నోరు మిగులుతుంది, పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. మంచి పొయ్యి. అన్నం గిన్నెకు భేషుగ్గా సరిపోతుంది. కానీ మా తాండూరు వైపు పొద్దున లేస్తే పొయ్యి ఎక్కేది గిన్నె కాదు, రొట్టెల పెనం. అది చాటంత వెడల్పు. ఆ ఇరుకు నోటి మీద పెనం పెడితే నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. ఇంకో ఊళ్ళో ముందే అలాంటి పొయ్యిలు కట్టాం. వందకు వంద శాతం అని రాశాం, మెప్పు కూడా వచ్చింది. నెల తర్వాత సావిత్రమ్మ గారితో కలిసి వెళ్ళి చూస్తే, ఆడవాళ్ళు పక్కనే మూడు రాళ్ళు పెట్టుకుని, పాత పొగలోనే రొట్టెలు చేసుకుంటున్నారు. కొత్త పొయ్యిలో కోడి పొదిగింది. మూడో డబ్బా నిండిపోయింది, నాలుగో దాంట్లో కోడిపిల్లలు. (నవ్వులు) సావిత్రమ్మ గారు రిపోర్టులో అవి కూడా రాయాలా అని అడిగారు.

మోదుగుపల్లిలో కూడా అదే జరిగేది. జరగకపోవడానికి మా తెలివి కారణం కాదు. ఇక్కడ ఎవరికీ తెలివి లేదు, అది స్పష్టంగా చెప్పాలి. (నవ్వులు) మా మేస్త్రి యోబు, మోదుగుపల్లివాడే, తాండూరు నుంచి సాంచాను బస్సు మీద వేసుకుని బయలుదేరాడు. గతుకుల్లో అది జారి రోడ్డు మీద పడింది, వెనకాల వస్తున్న బండల లారీ దాని మీదుగా పోయింది. యోబు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా ముందుకు వచ్చాడు. సాంచా కూడా జొన్నరొట్టె అయింది.

"ఇప్పుడెట్ల సారూ?" అన్నాడు.

కొత్తది కావాలని రాస్తే, రావడానికి ఎంతకాలమో నా అనుభవానికి తెలుసు. మార్చి దగ్గర పడింది. మార్చి నెలలో సర్కారు నౌకరుకు దేవుడు గుర్తు రాడు, లక్ష్యం ఒక్కటే గుర్తొస్తుంది. సావిత్రమ్మ గారు, యోబు, నేను బడి అరుగు మీద తలలు పట్టుకుని కూర్చున్నాం. యోబు కాళ్ళు చాపుకుంటే కాలికి ఏదో తగిలి గడగడా దొర్లింది. హన్మమ్మ పెద్ద డబ్బా. ఆమె మంచినూనె కోసం పెట్టిన గుండ్రటి డబ్బా. యోబు దాన్ని ఆపి, దాని వైపు చూశాడు, చదునైపోయిన సాంచా వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. అది మా పద్ధతిలో సరే అనడం. (నవ్వులు)

ఉలి పెట్టి అడుగు కోసేశాడు. అది నమూనా సాంచా కంటే వెడల్పు. వెడల్పైతే ఏమైందిలే, మార్చి గడిస్తే చాలు అనుకున్నాం. ఆ డబ్బా చుట్టూ మొదటి పొయ్యి కట్టింది న్యాయంగా హన్మమ్మ ఇంట్లోనే, డబ్బా ఆమెది కదా. కట్టినన్నాళ్ళు యోబును తిడుతూనే ఉంది. "గింత మంచి డబ్బను బొంద వెడితివి గదరా!" పొయ్యి ఆరింది, ఆమె పెనం పెట్టింది, రొట్టె వేసింది. రొట్టె అంచుల దాకా కాలి, పొంగింది. తిట్లు ఆగాయి. ఆమె పెనం కింద మంట చూసి, గొట్టం చూసి, మళ్ళీ రొట్టె చూసి, "అరే, పొగేది?" అంది. అంతే. తెల్లారేసరికి ఊరి ఆడవాళ్ళంతా యోబు ఇంటి ముందు నిలబడి, మాకు డబ్బ పొయ్యి గావాలె అన్నారు. ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ పొగలేని పొయ్యి అనరు. డబ్బ పొయ్యే అంటారు.

ఇప్పుడు నా ఉద్యోగం మొదలైంది. నాలుగో డబ్బాను ఎలా కొలవాలి? పొయ్యిని టేపుతో కొలవచ్చు, ఆడదాని కళ్ళ మంటను దేనితో కొలుస్తాం? కళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగితే, "మంచిగనే ఉన్నయి సారూ" అంటారు, కన్నీళ్ళు తుడుచుకుంటూనే. పరేషాన్ అయిపోయాను. తాండూరు పప్పు వ్యాపారులు కొందరు ఇక్కడ ఉన్నారు, మీకు ఇవాళ బహిరంగంగా షుక్రియా చెప్పాలి. మీరు ఏటా జనవరిలో ఊరూరికీ పంచే దేవుడి బొమ్మల క్యాలెండర్లే నాకు దారి చూపించాయి. మా పల్లెల్లో అవి తగిలించేది వంటింటి గోడకే. పాత పొయ్యి ఇళ్ళలో ఉగాదికల్లా లక్ష్మీదేవి ముఖం కమిలిపోతుంది, దసరాకు అమ్మవారు ఎవరో, ఏనుగు ఏదో తెలియదు. మోదుగుపల్లికి వెళ్ళి చూస్తే, దసరా దాటినా లక్ష్మీదేవి ముక్కుపుడక కూడా కనిపిస్తోంది. సుబ్హానల్లా అనుకున్నాను. ముసల్మాన్ నౌకరు లక్ష్మీదేవి ముక్కుపుడక చూసి అంత సంతోషపడటం ఈ సమితి చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది. (చప్పట్లు) కోడి పొదిగిన ఊరి నుంచి, మోదుగుపల్లి నుంచి ఒక్కొక్క క్యాలెండరు అడిగి తెచ్చి ఈ గోడకు పక్కపక్కనే తగిలించాను. మీరంతా సభకు అలంకారం అనుకున్నారు. కాదు, అది నా రిపోర్టు.

తర్వాత తనిఖీ బృందం వచ్చింది. వాళ్ళు క్యాలెండరు చూడలేదు, చూడాలని వాళ్ళ కాగితంలో లేదు. టేపు తీసి పొయ్యి నోరు కొలిచి, నోరు ఎక్కువైంది అన్నారు. ఈ సమితిలో నోరు ఎక్కువైనందుకు శిక్ష పడింది నా తర్వాత ఆ పొయ్యిలకే. (నవ్వులు) నమూనాకు భిన్నం, కాబట్టి అది పొయ్యి కింద లెక్కకు రాదు. లెక్కకు రావాలంటే పగలగొట్టి నమూనా ప్రకారం మళ్ళీ కట్టాలి. కోడి పొదిగిన పొయ్యి పాసైంది, రొట్టె పొంగిన పొయ్యి ఫెయిలైంది. వాళ్ళను తప్పు పట్టను, నేనూ ఇన్నేళ్ళు టేపు పట్టుకున్నవాణ్ణే. కానీ ఆ ఆర్డరు చదివిన రోజు నేను అన్నం తినలేదు. అది మాత్రం జుబేదాకు తెలుసు.

ఎందుకో చెప్తాను. మా అమ్మ ఈ తాండూరులోనే, బండల గోడలున్న చిన్న వంటింట్లో, ఇంటిల్లిపాదికీ పొద్దున్నే రొట్టెలు చేసేది. రొట్టె తట్టడం, కళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ తట్టడం. రొట్టె చేయడమంటే అంతే అనుకునేవాణ్ణి, కళ్ళు తుడుచుకోవడం కూడా అందులో ఒక పని అనుకునేవాణ్ణి. చివరి రోజుల్లో నేను ఎదురుగా నిలబడితే, "కౌన్, ఇస్మాయిలా?" అని అడిగి, నా గొంతును బట్టి గుర్తుపట్టేది. డాక్టరు చాలా కారణాలు చెప్పాడు. నాకు తెలిసిన కారణం ఒక్కటే. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ దుఃఖం కంటే కోపం ఎక్కువ వస్తుంది, ఎవరి మీదో తెలియదు. అందుకని, హన్మమ్మ "అరే, పొగేది?" అన్న రోజు నేను ఆ వంటింట్లో నిలబడి ఏడ్చాను. పొగ లేదు కాబట్టి పొగ మీద నెట్టడానికి కూడా వీల్లేకపోయింది.

సరే. మళ్ళీ రొట్టెలకు వస్తాను. విశ్వేశ్వర్ గారూ, మధ్యాహ్నం మీరు మెచ్చుకుని, మారు వడ్డించుకుని తిన్న రొట్టెలు ఎక్కడివని మీరు అడగలేదు, మేమూ చెప్పలేదు. అవి పొద్దున్నే హన్మమ్మ బృందం గంపల్లో పెట్టుకుని బస్సులో తెచ్చినవి. సోమవారం మీరు పగలగొట్టబోయే పొయ్యిల మీద కాలినవి. (పెద్ద నవ్వులు, చప్పట్లు) మన ఇద్దరి మతాల్లోనూ ఒక మాట ఉంది సార్. ఉప్పు తిన్న ఇంటికి కీడు తలపెట్టకూడదు. జొన్నరొట్టెలో ఉప్పు వేయరు కదా అని మీరు తప్పించుకోవచ్చు. కానీ పప్పులో వేశారు, ఆ పప్పు కూడా ఆ పొయ్యి మీదే ఉడికింది.

(ముఖ్య అతిథి నవ్వుతూ: "నమూనా మార్చే అధికారం నాకు లేదండీ ఇస్మాయిల్ గారూ.")

తెలుసు సార్. నమూనా మార్చమని నేను అడగడం లేదు. ఎల్లుండి గడ్డపారల కంటే ముందు మీరు రండి, రొట్టెల వేళకు. ఆ వంటింట్లో కాసేపు కూర్చోండి. తర్వాత పెద్దేముల్ దాటి ఇంకో ఊళ్ళో పాసైన పొయ్యి పక్కన, మూడు రాళ్ళ దగ్గర కూడా కాసేపు కూర్చోండి. రెండు చోట్లా మీ కళ్ళు మీకు ఏం చెబితే అది రాసి పైకి పంపండి. మూడో డబ్బాలో కాదు, నాలుగో డబ్బాలో.

(ముఖ్య అతిథి లేచి ఏదో అన్నారు. చప్పట్లు.)

వెనకవాళ్ళకు వినిపించలేదట. నేను చెప్తాను, తప్పైతే ఆయన దిద్దుతారు. సోమవారం పగలగొట్టడానికి ఎవరినీ పంపరట. తానే వస్తారట. గడ్డపారతోనా, ఆకలితోనా సార్? ఆకలితోనట! (నవ్వులు, చాలాసేపు చప్పట్లు) చూసి తానే పైకి రాస్తారట. పైవాళ్ళు ఏమంటారో ఆయన చేతిలో లేదట, అది కూడా నిజాయితీగా చెప్పారు. నాకు అది చాలు.

ఇప్పుడు నా చివరి సర్కారు పని. చెన్నయ్యా, ఈ బల్ల కింద గుడ్డ కప్పినవి పైకి పెట్టు. హన్మమ్మా, ముందుకు రా. నన్ను ఏ సంతలో చూసినా, ఏ బస్సులో చూసినా, "నా డబ్బలు ఎప్పుడు నింపుతవు సారూ?" అని ఊరందరి ముందు అడిగావు. ఇవిగో. బడి అరుగు మీంచి తెప్పించి, నాలుగు డబ్బాల నిండా కుసుమనూనె గానుగ దగ్గర నిలబడి పట్టించి తెచ్చాను. సర్కారుది కాదు, నాదే, ఆడిట్ వాళ్ళు కంగారు పడొద్దు. బదులు తెచ్చిన డబ్బాలు ఆ ఇళ్ళకు ఇచ్చెయ్, నాతో మాట్లాడమను. ఇక ఈ అయిదోది, యోబు అడుగు కోసింది. ఎంత పోసినా నిండదు. దీన్ని నాకు ఇచ్చెయ్ తల్లీ. వీళ్ళు శాలువా కప్పారు, దండ వేశారు, అవి వాడిపోతాయి, చిరిగిపోతాయి. నా ఉద్యోగానికి గుర్తుగా ఇది ఇంట్లో పెట్టుకుంటాను.

(హన్మమ్మ వేదిక దగ్గరికి వచ్చింది.)

"నూనె ఎట్లయినా నాదే. గా అడుగు లేని డబ్బ గూడ నాకే ఇయ్యి సారూ. నీకియ్య."

ఎందుకమ్మా, అది దేనికీ పనికిరాదు కదా?

"గీ సారు మంచోడే, సోమారం అచ్చి తిని పోతడు. రేపు ఇంకో సారొస్తడు. గాయన పలగ్గొడితె మళ్ళ కట్టుకోవద్దా? నువ్వు ఉండవాయె. డబ్బ మా తాన ఉంటె యోబు ఉండె, మేముంటిమి."

(చప్పట్లు.)

తీసుకో తల్లీ. నీదే.

సూర్యప్రకాశ్ గారూ, నేను రెండేళ్ళుగా పటం మీద అయిదో డబ్బాను ఖాళీగానే వదిలేశాను. మనం వెళ్ళిపోయాక మిగిలేది ఏమిటో రాయమంటే నాకు తోచేది కాదు. దాంట్లో ఏం రాయాలో ఇప్పుడు తెలిసింది, రాయడానికి నాకు సమయం లేదు. సావిత్రమ్మ గారూ, మీరు రాయండి, మీ తెలుగు నా తెలుగు కంటే బాగుంటుంది. హన్మమ్మ అన్నది అన్నట్టే రాయండి, దిద్దకండి.

ఈ సమితి కూడా కొద్ది రోజుల్లో పోయి మండలాలు వస్తాయంటున్నారు. నాకు తోడుగా ఆఫీసే రిటైరవుతోంది, ఇంత గౌరవం ఎవరికి దక్కుతుంది? నా రాతను ఓపికగా చదివినవారికి, నా తప్పు మాటకు డప్పు కొట్టి ఊరంతటినీ రప్పించిన చెన్నయ్యకు, లారీ కింద సాంచాను పడేసిన యోబుకు, పొద్దున్నే లేచి రొట్టెలు చేసి తెచ్చిన మోదుగుపల్లి ఆడవాళ్ళకు, ఉప్పు మాట నిలబెట్టుకుంటున్న విశ్వేశ్వర్ గారికి, ఇన్నాళ్ళు నా కోసం తలుపు తెరిచి, డబ్బాలవాడి కోసం తలుపు వేసిన జుబేదాకు, మీ అందరికీ షుక్రియా, ధన్యవాదాలు.

గడియారం ఐదు కొడుతోంది. అధ్యక్షులవారూ, ఇక మీరు దాని వైపు చూడక్కర లేదు. సోమవారం పొద్దున మొదటి బస్సుకు నేను మోదుగుపల్లి వెళ్తున్నాను. డ్యూటీ మీద కాదు, రొట్టెకు. అందాకా సెలవు.